మిద్దె మారింది... మన్ను పోయింది

రాయలసీమ ఇంటికి ఎండ గోడ దూకి రావడం లేదు, నెత్తి మీద నుంచి దిగుతోంది. మట్టి మిద్దె నుంచి సిమెంటు స్లాబు దాకా, ఒంటిమిట్ట నుంచి కువైట్ దాకా కప్పుల కథ ఇది.

ఊరూరా రాములవారి పెళ్లి మిట్టమధ్యాహ్నం జరుగుతుంది. ఒంటిమిట్టలో మాత్రం రాత్రిపూట, పండు వెన్నెల్లో. పగటి కల్యాణం చూసే భాగ్యం తనకు లేదని చంద్రుడు మొరపెట్టుకుంటే స్వామి ఇచ్చిన వరమిదని స్థలపురాణం. ఏకశిలానగరంగా పేరున్న ఒంటిమిట్ట భక్తులకు ఆ కథ చాలు. చైత్రమాసపు కడప ఎండ ఎరిగినవాళ్లకు మాత్రం ఆ వరం చంద్రుడికే కాదు, పెళ్లి చూడవచ్చిన జనానికి కూడా దక్కిందనిపిస్తుంది. 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతున్న ఆ ఉత్సవం పట్టపగలైతే ఎన్ని చలవ పందిళ్లు వేసినా చాలవు.

నమ్మకం కుదరకపోతే ఎండాకాలంలో ఏదో ఒక మధ్యాహ్నం ఒంటిమిట్ట కోదండరాముడి గుడికి వెళ్లండి. గోపురం దాటి ప్రాకారంలో చెప్పుల్లేని కాలు బండ మీద మోపితే నిలవదు. అంగలు వేసుకుంటూ మండపం చేరాల్సిందే. మండపం మెట్టెక్కి లోపలికి రెండడుగులు వేయగానే కాలికి మళ్లీ రాయే తగులుతుంది, ఈసారి చల్లగా. బయట కాల్చిందీ రాయే, లోపల సేదదీర్చిందీ రాయే. ఒకదాని మీద పొద్దున్నుంచి ఎండ పడుతోంది, రెండోదానికి పైన మందపాటి కప్పు అడ్డం ఉంది. ఎండ దేశాల్లో ఇల్లు కట్టే విద్యంతా దాదాపు ఈ రెండడుగుల తేడాలోనే ఉంది. మన తాతలు ఆ విద్యను మిద్దె మీదికి ఎక్కించారు. మనం దించేసుకున్నాం.

నెత్తిన నిలబడే సూర్యుడు

లెక్కకు రాయలసీమ ఎడారి కాదు. కడప జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రాజస్థాన్ ఎడారికి అది కల. కానీ మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా కర్నూలు, కడప ఊళ్లు ఎడారికేమీ తీసిపోవు. మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మామూలు మాట. కొన్నేళ్లు 45 కూడా దాటుతుంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది. రాత్రికి పన్నెండు, పదమూడు డిగ్రీలు తగ్గుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఇక్కడ అతిశయోక్తిలా వినిపించదు.

ఒంటిమిట్ట సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మనిషి నీడ పాదాల కిందే ఉండిపోతుంది. ఈ రెండు తేదీల మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. అందువల్ల మనం భయపడే దక్షిణపు గోడ మీద నడివేసవిలో ఎండే పడదు. తూర్పు గోడకు బలమైన ఎండ పొద్దున రెండు మూడు గంటలు, పడమటి గోడకు సాయంత్రం రెండు మూడు గంటలు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎడతెగకుండా ఎండ కాచేది ఒక్క కప్పు మీదే.

మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు కప్పు మీద పడే ఎండ దాదాపు ఒక కిలోవాటు. ఈ మధ్యకాలంలో సెంటు, సెంటున్నర స్థలాల్లో కట్టిన ప్రభుత్వ కాలనీ ఇల్లు సుమారు 340 చదరపు అడుగులు, అంటే 31 చదరపు మీటర్ల పైచిలుకు. ఆ చిన్న కప్పు మీద మధ్యాహ్నం కాచే ఎండ 31 కిలోవాట్లు. టన్ను ఏసీ గదిలోంచి బయటికి తోడగలిగేది మూడున్నర కిలోవాట్లు. పడిన ఎండంతా లోపలికి రాదు. కొంత తిరిగి వెళ్తుంది, కొంత గాలికి పోతుంది. మిగిలినదాన్ని ఎంతవరకు ఆపుతామన్నదే అసలు సంగతి.

తాతల నాటి లెక్క

కడప, కర్నూలు పల్లెల్లో పాత మట్టి మిద్దెలు ఇంకా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. ఒకటిన్నర, రెండడుగుల మందం గోడలు. రాయి దొరికే చోట రాయి, లేకుంటే మట్టి. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద ఊరిని బట్టి నాపబండలో, కర్రలూ కంపా ఆకులో. ఆ పైన అడుగు మందాన మన్ను. అన్నిటికన్నా పైన చౌడు మట్టి.

పొలంలో చౌడు పడితే రైతు తల పట్టుకుంటాడు. అదే చౌడును బండ్లకెత్తి తెచ్చి మిద్దె మీద పరిచేవాళ్లు. కారణముంది. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే ఆ మట్టి రేణువులు విడివిడిగా చెదిరి, సందుల్లో చేరి కూర్చుంటాయి. పైన నీళ్లు ఇంకని పొర ఏర్పడుతుంది. పంటను చంపే గుణమే ఇంటిని కాపాడింది. వానలకు ముందు ఏటా కొత్త చౌడు వేయడం, కాళ్లతో తొక్కి చదును చేయడం, నీళ్లు గూనలవైపు వాలేట్టు చూసుకోవడం ఇంటి మగవాళ్ల పని.

మిద్దె నడుమ చిన్న గవాచి ఉండేది. వంటింటి పొగ, పైకి తేలిన వేడిగాలి అందులోంచి పోయేవి. వెలుతురు కూడా అంతే వచ్చేది, గుండ్రంగా నేల మీద పడి పొద్దుతోపాటు జరిగేది. గోడలకు కిటికీలు చిన్నవి, కొన్ని ఇళ్లలో అసలే లేవు. చీకటి ఇళ్లని ఇప్పుడు నవ్వుకుంటాం. పగటి వడగాలిని ఇంట్లోకి రానివ్వకూడదన్నది ఆ చీకటి వెనుక ఆలోచన.

ఇంకో సంగతి గమనించాలి. ఆ ఇంట్లో పగటి చోటు వేరు, రాత్రి చోటు వేరు. మధ్యాహ్నం పడసాలలో నాపబండ మీద ఉత్తినేలన నడుం వాల్చేవాళ్లు. రాత్రికి గోడలు పగలంతా తాగిన వేడిని మెల్లగా లోపలికి వదలడం మొదలుపెట్టేసరికి మంచాలు వాకిట్లోకి, మిద్దె మీదికి చేరేవి. ఇల్లు వేడెక్కే వేళకు మనిషి ఇంట్లో ఉండడు. ఇవాళ దోమలు, దొంగల భయం, ఇరుకు వీధి, పక్కింటి రెండో అంతస్తు కిటికీ అన్నీ కలిసి మనల్ని రాత్రిపూట లోపలే పడుకోబెడుతున్నాయి. కాబట్టి కొత్త ఇంటి మీద పాత ఇంటికి లేని బరువు పడింది. అది రాత్రి కూడా చల్లగా ఉండాలి.

పోగొట్టుకున్నది ఎక్కడ

మట్టి మిద్దెను తలుచుకుని నిట్టూర్చేవాళ్లలో దాని కింద కాపురం చేసినవాళ్లు తక్కువ. ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే అవ్వలు గిన్నెలు, బక్కెట్లు పెట్టుకుని కారే చోట్లు కాచుకునేవాళ్లు. దూలాలకు చెదలు. దంతెల సందుల్లో తేళ్లు, జెర్రులు. తడిసిన అడుగు మందం మన్ను చదరపు మీటరుకు అర టన్ను బరువు తూగుతుంది. పుచ్చిన దూలం దాన్ని మోయలేక రాత్రికి రాత్రి కూలితే కింద నిద్రపోతున్నవాళ్లు లేవలేదు. అలాంటి వార్తలు వానాకాలం పేపర్లలో సీమ జనం ఎన్నోసార్లు చదివారు. సిమెంటు స్లాబు వచ్చాక ఈ భయాలన్నీ ఒక్కసారిగా పోయాయి. అది చిన్న మేలు కాదు. మళ్లీ మట్టి మిద్దెలు కట్టుకోండని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

పొరపాటు స్లాబు వేయడంలో లేదు, స్లాబుతో ఆగిపోవడంలో ఉంది. మిద్దెకు రెండు పనులుండేవి. దూలాలూ బండలూ బరువు మోసేవి, పైన మన్ను ఎండను ఆపేది. మొదటి పని కాంక్రీటు అంతకన్నా బాగా చేస్తుంది. రెండో పని చేసే పొర ఇంటి అంచనాలోంచి ఎగిరిపోయింది. అటు తరవాత నాలుగంగుళాల కాంక్రీటే కప్పూ, దుప్పటీ అయి కూర్చుంది.

ఎందుకలా జరిగిందో కడప, రాజంపేట, ప్రొద్దుటూరు వీధుల్లో తలెత్తి చూస్తే తెలుస్తుంది. ప్రతి రెండో మిద్దె మీదా స్తంభాల ఊచలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి. రేపో మాపో పై అంతస్తు లేపుతామన్న ఆశ. అందుకే దాన్ని ఎవరూ కప్పుగా చూడరు, రాబోయే అంతస్తుకు నేలగా చూస్తారు. నేలకు ఎవరైనా ఎండ కాపు చేయిస్తారా? ఆ పై అంతస్తు పదేళ్లకో, పిల్ల పెళ్లయ్యాకో, కొందరికి ఎప్పటికీనో. ఈలోపు ప్రతి వేసవీ కింది గదుల్లోకే దిగుతుంది.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. నాపబండ సున్నపురాయే. యర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో సిమెంటుగా మారేదీ సున్నపురాయే. కప్పుకు పూసే సున్నం కూడా ఆ రాయి కాల్చగా వచ్చిందే. జమ్మలమడుగు, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నేలను తవ్వితే దొరికేది ఆ రాయే. మనింటిని వేడెక్కించే కాంక్రీటుకు, దాన్ని చల్లబరిచే సున్నానికి పుట్టినిల్లు ఒకటే. మొదటిదాన్ని కొనుక్కున్నాం, రెండోదాన్ని గోడలకు మాత్రమే ఉంచేశాం. సంక్రాంతికీ ఉగాదికీ చుట్టాలు చూసే గోడకు సున్నం కొడతాం, సూర్యుడు చూసే కప్పుకు కొట్టం.

నాలుగు అంకెల్లో కథ

బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పులోంచి ఎన్ని వాట్ల వేడి దాటుతుంది? ఇంజినీర్లు కప్పును కొలిచే కొలమానం ఇది. అంకె ఎంత చిన్నదైతే ఇల్లు అంత చల్లన.

ఏ పొరా లేని నాలుగంగుళాల స్లాబుకు ఈ అంకె సుమారు 3.6. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య బ్యూరో ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పుకు 1.2 దాటకూడదు. అంటే మన స్లాబు జాతీయ ప్రమాణానికి మూడింతలు వేడిని లోపలికి పంపుతోంది. ఇప్పుడు పాత మిద్దె లెక్క కట్టండి. రెండంగుళాల నాపబండ, దాని మీద అడుగు మందం మన్ను. వేడిని ఆపే శక్తికి ప్రామాణిక పట్టికల్లోని విలువలు వేసి చూస్తే అంకె 1.2 దగ్గరే తేలుతుంది. ఢిల్లీలో 2018లో గీసిన గీతను తాతలు చౌడు బండి తోలి ముందే అందుకున్నారన్నమాట.

మన్ను ఇంకో పని కూడా చేస్తుంది, వేడిని ఆలస్యం చేస్తుంది. నాలుగంగుళాల కాంక్రీటులోంచి ఎండ సెగ అడుగుకు చేరడానికి రెండున్నర, మూడు గంటలు చాలు. వచ్చేటప్పటికి దాని ఉద్ధృతి సగమే తగ్గుతుంది. అడుగు మందం మన్ను దాటడానికి పదకొండు, పన్నెండు గంటలు పడుతుంది. ఆ ప్రయాణంలో ఉద్ధృతి ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ ఆనవాలు మిద్దె అడుగుకు చేరేసరికి అర్ధరాత్రి. అప్పటికి మనుషులు వాకిట్లో నిద్రలో ఉంటారు.

స్లాబు ఇంట్లో సాయంత్రం ఏమవుతుందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. మే నెలలో రాత్రి పదింటికి, బయట గాలి కాస్త చల్లబడ్డాక, స్టూలు వేసుకుని అరచెయ్యి పైకప్పుకు ఆనించండి. ఆ తరవాత అదే చెయ్యి మంచం పక్క గోడకు. కప్పు జ్వరమొచ్చిన ఒంటిలా తగులుతుంది. పగలంతా తిన్న ఎండను ఆ కాంక్రీటు అప్పుడు నింపాదిగా మీ మంచం మీదికి వదులుతోంది. ఫ్యాను వేస్తే సెగ దిగుతుందని ఇళ్లలో అనుకునేది అక్షరాలా నిజం. కప్పుకు ఆనుకుని ఉన్న వేడిగాలినే అది కిందికి తోస్తుంది.

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫాతీ 1964లో కైరోలో ఇదే సంగతి పక్కపక్కన గదులు కట్టించి చూపించాడు. మట్టి ఇటుకల గదిలో పగటికీ రాత్రికీ వేడిలో పెద్ద తేడా రాలేదు. కాంక్రీటు పలకల గది మాత్రం మధ్యాహ్నం బయటి గాలికన్నా కూడా వేడెక్కింది. అంటే చెట్టుకింద కూర్చోవడం నయం. రేకుల ఇంట్లో ఉండే ప్రతి సీమ కుటుంబానికీ ఇది కొత్త కబురేం కాదు.

కువైట్‌లో నేర్చిన పని

రాజంపేట, రాయచోటి, ఒంటిమిట్ట, సిద్ధవటం చుట్టుపక్కల కువైట్‌తో చుట్టరికం లేని ఊరు అరుదు. దశాబ్దాలుగా మగవాళ్లు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, కూలీలుగా, ఆడవాళ్లు ఇళ్లలో పనికి వెళ్తూనే ఉన్నారు. ఆ దీనార్లతోనే ఇక్కడ మిద్దెలు లేచాయి.

కువైట్ అసలైన ఎడారి. 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. దాన్ని ప్రపంచ వాతావరణ సంస్థ తరవాత పరిశీలించి ఖరారు చేసింది. ఆ దేశం 1983లోనే ఇళ్లకు ఇంధన నియమావళి పెట్టింది. కప్పుకు మన కొలమానంలో 0.4 దాటకూడదన్నది అందులో ఒక నియమం. మన జాతీయ ప్రమాణానికి మూడో వంతు, మన మామూలు స్లాబుకు తొమ్మిదో వంతు. చమురు పారే దేశానికి పొదుపెందుకనుకోవచ్చు. వేసవిలో ఊరంతా ఒకేసారి ఏసీలు వేస్తే ఎన్ని కరెంటు కేంద్రాలు కట్టినా చాలవని వాళ్లకు త్వరగానే తెలిసొచ్చింది. ఏసీ కొనడంకన్నా కప్పు కప్పడం చవకన్న నిర్ణయానికి వచ్చారు.

అక్కడి కప్పు కట్టే తీరు తెలిసిన చేతులు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి. స్లాబు మీద వాలు, దాని మీద నీరు దిగని పొర, ఆ పొర మీద గట్టి ఫోమ్ పలకలు, మీద పల్చటి గుడ్డపొర, ఆపైన ఇసుకా సిమెంటూ, చివర టైల్స్. ఫోమ్ నీటి పొరకు పైన ఉంటుంది కాబట్టి ఎండ స్లాబుదాకా రాదు, నీటి పొర కూడా ఎండకు పగలదు. ఆ పలకలు మోసి, పరిచి, కోసి అతికించిన మనిషే ఊరికొచ్చి సొంతిల్లు కట్టుకుంటే ముందు గేటు, తరవాత టైల్స్, ఆపైన సోఫా. కప్పు మాత్రం ఉత్త కాంక్రీటే. అడిగితే అది షేకుల ఇళ్లకు చేసే పని అన్నట్టు నవ్వుతారు. కువైట్ సేఠు ఇంట్లో ఏసీ ఎప్పుడూ ఆగదు కాబట్టి కరెంటు మిగలడానికి ఆ ఫోమ్ వేశారు. ఏసీ లేని ఇంటికి దాని అవసరం ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఆ ఇంట్లో ఎండకూ మనిషికీ మధ్య ఉన్నది కప్పొక్కటే.

ఉన్న ఇంటికి, కట్టబోయే ఇంటికి

అన్నిటికన్నా చవకైనది తెలుపు. బూడిదరంగు సిమెంటు కప్పు పడిన ఎండలో మూడింట రెండు వంతులు మింగుతుంది. కొత్తగా కొట్టిన తెల్ల సున్నం ముప్పాతిక భాగం వెనక్కి కొడుతుంది. తిరుమల మాడవీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా కొట్టే తెల్ల రంగు చేసే పని ఇదే. హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 2017లో పాతిక ఇళ్ల కప్పులకు తెల్లటి పొర వేసి చూస్తే, పక్కిళ్లకన్నా లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. 36 డిగ్రీల గదిలో నిద్రపట్టక దొర్లిన మనిషికి 34 విలువ తెలుస్తుంది.

సున్నం కొట్టడానికి శివరాత్రి దాటాక ఉగాది లోపు మంచి అదను. కప్పు కడిగి, పాచీ దుమ్మూ గీకి, తడిపి, సాయంత్రం పూట కొట్టాలి. రాతి సున్నంలో కొంత తెల్ల సిమెంటు, పట్టుకు జిగురు కలిపి పల్చగా రెండు మూడు పూతలు. మిట్టమధ్యాహ్నం కొడితే ఆరడం కాదు, ఎండిపోయి పొడిగా రాలుతుంది. మరుసటి రోజు పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లితే గట్టిపడుతుంది. వానలకు కొంత పోతుంది, దుమ్ముకు మాసిపోతుంది. అందుకే ఏటా చేయాలి. ఏటా చౌడు వేసిన ఊళ్లకు ఏటా సున్నం బరువా?

తెలుపు ఎండను తిప్పికొడుతుంది గాని, లోపలికి చొరబడిన వేడిని ఆపదు. దానికి పొర కావాలి. ఇక్కడొక హెచ్చరిక. తాతల మీద ప్రేమతో స్లాబు మీద అడుగు మన్ను పోయించకండి. మనుషులు తిరిగే మిద్దెను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకే లెక్కగడతారు. తడి మన్ను దానికి మూడింతలు పైమాటే. అదే మేలు తేలికగా కావాలంటే థర్మోకోల్ జాతి పలకలున్నాయి. వేడిని అడ్డుకోవడంలో రెండంగుళాల పలక రెండడుగుల పైచిలుకు మట్టితో సమానం. బరువు లేనట్టే. స్లాబు మీద నీటి పొర, పలకలు, ఆపైన కోళ్ల జాలీ వేసి ఒకటిన్నర, రెండంగుళాల కాంక్రీటు, చివర పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు. ఇలా చేస్తే కప్పు అంకె 3.6 నుంచి 0.6కు పడుతుంది. పైపొరల బరువు స్లాబు మోస్తుందో లేదో ఇంజినీరును అడిగి మొదలుపెట్టాలి.

పొరను స్లాబు పైన వేయడమా, కింద ఫాల్స్ సీలింగ్ చేయించడమా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. పైన వేస్తే స్లాబు ఎండ మొహమే చూడదు. రాత్రి కిటికీలు తెరిస్తే చల్లబడి, మర్నాడు మధ్యాహ్నం దాకా గదిని కాస్తుంది. కింద వేస్తే మంచానికి సెగ తగ్గుతుంది గాని, స్లాబు ఎండకు ఉబ్బి, రాత్రి ముడుచుకుని, పగుళ్లిచ్చే బాధ మిగిలే ఉంటుంది. సొంతిల్లయితే పైన, అద్దె ఇల్లయితే కింద.

రేకుల ఇళ్లవాళ్లకు ఈ ఖర్చులన్నీ మోయలేనివి. రేకుకు మందమూ లేదు, ఆలస్యమూ లేదు. ఎండ తగిలిన పది నిమిషాల్లో సెగ మనిషి మీద ఉంటుంది. కాబట్టి తెల్ల పూత వల్ల ఎక్కువ మేలు జరిగేదీ రేకుకే. రేకు కింద జానెడు సందు విడిచి ఈతచాపలో, వెదురు తడికెలో కడితే ఆ సందులో గాలి ఆడి సెగ తెగుతుంది. ఆ సందుకు రెండు చివరలా గాలి పోయే దారి ఉండాలి. థర్మోకోల్‌ను మాత్రం పొయ్యి ఉన్న ఇంట్లో బయటికి కనపడేలా బిగించకూడదు, అంటుకుంటే ఆగదు. రేకు మీదికి సొరతీగో, బీరతీగో పాకించడం మన ఊళ్లలో తెలిసిన పనే. కూరకు కూర, నీడకు నీడ.

గోడల్లో ముందు చూసుకోవాల్సింది పడమర. అటువైపు వేప, కానుగ చెట్టుకు చోటుంటే అంతకన్నా చవకైన గోడ కాపు లేదు. చోటు లేకపోతే సన్ షేడో, పందిరో, ఆఖరికి పాత చీరల తెరో. కిటికీ అద్దం మీద పడిన ఎండను లోపలి కర్టెన్ ఆపదు, అప్పటికే ఎండ ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. తెర బయట ఉండాలి. ఇంటి ముందూ వెనకా ఖాళీ కనపడితే నల్ల బండలు పరిచే అలవాటు సీమలో ఉంది. మట్టిగా ఉంచి నాలుగు మొక్కలు వేస్తే గాలి వేడెక్కకుండా లోపలికి వస్తుంది.

ఖర్చులేని కట్టుబాట్లు

• పొద్దున ఎనిమిది లోపు కిటికీలు, తలుపులు మూసేయండి. బయట 42 ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే వచ్చేది గాలి కాదు, సెగ.

• రాత్రి ఎనిమిదయ్యాక ఎదురెదురు కిటికీలు తెరవండి. దోమతెర బిగించుకోవడం ఏసీకన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు.

• కప్పుకు దగ్గరగా ఉన్న వెంటిలేటర్లను అట్టలతో మూసేయకండి. గవాచి పని ఇప్పుడు అవే చేయాలి.

• కూలర్ పొడి గాలిలో బాగా పనిచేస్తుంది. అయితే ఎదురు కిటికీ కాస్త తెరిచి ఉండాలి. అన్నీ మూస్తే కాసేపటికే గది ఉక్కపోస్తుంది. నీళ్ల ఎద్దడి ఉన్న ఊళ్లో కప్పుకు సున్నం కొట్టాకే కూలర్ సంగతి.

• మధ్యాహ్నం మిద్దె మీద నీళ్లు చల్లడం వల్ల వచ్చే చలవ గంటసేపే. ట్యాంకర్ కొనుక్కునే చోట అది దండగ.

చట్టానికి కనపడని కప్పు

వడగాడ్పు మన దగ్గర ఏటా ప్రాణాలు తీస్తూనే ఉంది. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో మూడువేల మందికి పైగా, 2015లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు. మజ్జిగ పందిళ్లు, చలివేంద్రాలు, మధ్యాహ్నం బయటికి రావద్దన్న హెచ్చరికలు అన్నీ అవసరమే. కానీ ఇంట్లో ఉండండని చెప్పేటప్పుడు ఆ ఇల్లు ఎంత కాగుతోందో కూడా చూడాలి. రేకుల కింద మధ్యాహ్నం గడపమనడం సలహా కాదు.

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రమంతా కలిపి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు ఎండను తిప్పికొట్టేలా మార్చాలన్నది లక్ష్యం. మంచి మొదలు. అయితే 600 గజాల లోపు స్థలంలో కట్టిన ఇళ్లకు అది ఐచ్ఛికం. 2018 నాటి ఎకో నివాస్ సంహితను కూడా 500 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు అంతే స్థలం, ఆపైన ఉన్నవాళ్లకే వర్తించేలా రాశారు. సెంటు స్థలంలో కట్టిన కాలనీ ఇల్లు 48 గజాలు. చట్టాల గీత దానికి పన్నెండింతల ఎత్తున ఉంది. తోట, వరండా, పై అంతస్తు, ఏసీ ఉన్న ఇంటి కప్పుకు నియమం ఉంది. చెట్టుకు చోటు లేని, ఎండంతా ఒకే గది మీద పడే ఇంటి కప్పుకు లేదు. చిన్న ఇంటివాడి మీద భారం వేయకూడదన్న సదుద్దేశంతోనే మినహాయించి ఉంటారు. ఫలితంగా భారం వేసవి రూపంలో పడుతోంది.

నియమం పెట్టక్కర్లేదు, అంచనాలో ఒక వరస పెడితే చాలు. ప్రభుత్వం కట్టించే ప్రతి ఇంటి యూనిట్ ఖర్చులో ఇనుము, సిమెంటు, ఇసుక పక్కన కప్పు పైపొర అని ఇంకో పద్దు ఉండాలి. తొలి ఏడు సున్నం ఖర్చైనా అందులో చేరాలి. ఉపాధి హామీ పనుల్లో ఊరి బడి, అంగన్‌వాడీ కప్పులకు ఉగాది లోపు తెల్ల పూత వేయడానికి పెద్ద సాంకేతిక జ్ఞానమేమీ అక్కర్లేదు. పలకలు పరిచే నేర్పున్న మేస్త్రీలను వెతకడానికి ఢిల్లీ పోనక్కర్లేదు, రాజంపేట బస్టాండులో కువైట్ నుంచి దిగుతున్నారు.

సొంతంగా కట్టుకునేవాళ్లకు ఇది ఇంకా తేలిక. స్లాబు పోసే రోజు మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టి, కూలీలకు భోజనాలు పెట్టే ఆచారం మనకుంది. ఆ పూట ఒక్క మాట అడగండి: దీని మీద ఏం వేస్తున్నావు మేస్త్రీ? ఏమీ వేయనంటే ఆ ఇల్లు ఇంకా పూర్తి కాలేదని లెక్క. పై అంతస్తు ఎప్పుడు లేచినా లేవనీ, ఈ లోపు మూడు నెలల వేసవిని గదిలోకి పిలవడమో ఆపడమో ఆ ఒక్క పద్దు మీదే ఉంది. గేటు డిజైను మీద పెట్టే ఖర్చులో సగం అటు మళ్లిస్తే చాలు.